డాక్టరు మేరీ వర్గీసు

తిరుపతినుండి పాకాల, చిత్తూరుల మీదుగా దక్షిణమునకు పోవు రైలుబండి కాట్పాడి జంక్షను చేరును. ఆ బండిలో వేంకటేశ్వరుని దర్శించి మరలు యాత్రికులు కొందరుందురు. రోగులను వెంటబెట్టుకొని పోవువారు మఱికొందరుందురు. చిత్తూరు సీమలో ఎవరికైనను ఊరి వైద్యునకు లొంగని వ్యాధి వచ్చినచో, పెద్దల నోట మొదట వెడలు మాట రాయవేలూరు. కాట్పాడినుండి పాలాఱు దాటినంతనే ఆ పట్టణము వచ్చును. 1911వ సంవత్సరమున చిత్తూరు జిల్లా ఏర్పడుటకు ముందు చిత్తూరును, వేలూరును ఉత్తరార్కాటు జిల్లాలోనివే. జిల్లాలు వేఱైనను, భాషలు వేఱైనను రాకపోకలు మాత్రము నేటికిని తగ్గలేదు. అట్టి వేలూరులో, నడవలేని స్థితిలో చక్రముల కుర్చీయందు కూర్చుండియే వేలకొలది జనులను తమ కాళ్లమీద తాము నిలుచునట్లు చేసిన ఒక వైద్యురాలు ఉండెను. ఆమె పేరు డాక్టరు మేరీ వర్గీసు.

ఆమె కథ తెలియవలెనన్న, వేలూరు ఆసుపత్రి కథ కొంత తెలియవలెను. ఐడా స్కడ్డరు అను అమెరికా దేశీయురాలు 1870లో రాణిపేటలో జన్మించెను. ప్రసవవేదనతో బాధపడుచు పురుష వైద్యుని చూపించుకొనుటకు ఆచారము అడ్డురాగా ముగ్గురు యువతులు ఒకే రాత్రి మరణించుట చూచి, ఆమె వైద్యవిద్య నభ్యసింప నిశ్చయించుకొనెను. 1900లో ఒకే మంచముతో ఆమె ప్రారంభించిన చికిత్సాలయము కాలక్రమమున పెద్ద ఆసుపత్రి ఆయెను. 1918లో స్త్రీలకొఱకు వైద్య పాఠశాల వెలసెను. 1947నుండి పురుషులకును అందు ప్రవేశము కలిగెను. భారతదేశమున నాడీ శస్త్రచికిత్సకై తొలి శాఖను 1949లో డాక్టరు జేకబ్ చాండీ నెలకొల్పినదియు ఇచ్చటనే.

మేరీ వర్గీసు 1925వ సంవత్సరమున కొచ్చిన్ పట్టణమున జన్మించెను. ఆమెది కలిమిగల పెద్ద కుటుంబము. బాల్యమునుండియు ఆమెకు చదువుపై ఆసక్తి మెండు. ఆ కాలమున కలవారి ఇంటి ఆడుబిడ్డలు వివాహము చేసికొని సుఖముగా కాలము గడపుటయే పరిపాటి. ఆమె మాత్రము వైద్యురాలు కాగోరి, 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చేరెను. పట్టము పొందిన పిదప ఆ ఆసుపత్రిలోనే పని చేయుచు, స్త్రీల వ్యాధులకు చికిత్స చేయు శాఖలో ప్రావీణ్యము సంపాదింపవలెనని తలచుచుండెను. ఎదుట విశాలమైన భవిష్యత్తు కలదు. ఇంతలో అనుకొనని విపత్తు సంభవించెను.

1954వ సంవత్సరము జనవరి మాసమున, సెలవుదినమొకటి సంతోషముగా గడపవలెనని యువవైద్యులు కొందరు మోటారుబండిలో బయలుదేరిరి. వారిలో మేరీ యొకతె. దారిలో బండి అదుపు తప్పి బోల్తాపడెను. పలువురు గాయపడిరి. అందరికంటెను మేరీకి తగిలిన దెబ్బలు తీవ్రమైనవి. ఆమె ముఖమున ఒకవైపు ఎముకలు విఱిగి చెంప చీలిపోయెను. ఆ మచ్చ జీవితాంతము నిలిచిపోయెను. అంతకంటె ఘోరమైన సంగతి మఱొకటి కలదు. ఆమె వెన్నెముక దెబ్బతిని, నడుమునుండి పాదములవఱకు చలనము నశించెను, స్పర్శయు నశించెను.

వెన్నుకు తగిలిన దెబ్బ కాళ్లను పడగొట్టుట యెట్లు? బాలబాలికలారా! ఈ విషయమును మీరు చక్కగా గ్రహింపవలెను. మన వీపునందు పూసలదండవలె పేర్చబడిన ఎముకలకు వెన్నుపూసలని పేరు. ఆ పూసల నడుమనున్న గొట్టమువంటి మార్గమున మెదడునుండి క్రిందికి వెన్నుపాము దిగియుండును. దాని పొడవు సుమారు 45 సెంటీమీటర్లు. లావు మన చిటికెనవ్రేలికంటె ఎక్కువ కాదు. దానినుండి 31 జతల నాడులు వెడలి దేహమంతట వ్యాపించును. కాలు కదపుమని మెదడు పంపు ఆజ్ఞ ఆ త్రోవననే దిగిరావలెను. పాదమున ముల్లు గ్రుచ్చుకొన్నదను వార్త ఆ త్రోవననే పైకి పోవలెను. నడుమ త్రోవ తెగినచో ఆజ్ఞయు రాదు, వార్తయు పోదు.

ఆ సుకుమారమైన వెన్నుపామును పోషించునది రక్తము. ముందువైపున ఒక ధమనియు, వెనుకవైపున రెండు ధమనులును దానివెంట నిలువునా సాగియుండును. దారిలో ప్రక్కలనుండి చిన్న ధమనులు వచ్చి వానిలో కలియును. వానిలో పెద్దది నడుము ప్రాంతపు వెన్నుపామునకు రక్తము నందించును. పోలెండు దేశీయుడైన ఆడమ్‌కీవిచ్ అను వైద్యుని పేరు దానికి పెట్టిరి. చిత్తూరు సీమలోని పంటచేలకు చెఱువు తూములనుండి కాలువలు నీరు తెచ్చినట్లే, ఈ ధమనులు వెన్నుపామునకు రక్తము తెచ్చును. కాలువ తెగినచో చేను ఎండును. గండి పడినచో చేను మునుగును. వెన్నుపాముగతియు అంతియే.

వెన్నుకు దెబ్బ తగిలినప్పుడు హాని ఒక్కసారితో ముగియదు. పూస విఱిగి వెన్నుపామును నొక్కుట మొదటి హాని. చిన్న రక్తనాళములు చిట్లి లోపల రక్తము గూడుకట్టుట, వాపు వచ్చి మిగిలిన నాళములు నొక్కుకొనిపోవుట, అందువలన దెబ్బ తగులని భాగమునకుగూడ రక్తము చాలకపోవుట రెండవ హాని. ఈ రెండవ హాని కొన్ని గంటలనుండి కొన్ని దినములవఱకు సాగును. కావుననే వెన్ను దెబ్బతిన్నవానిని అజాగ్రత్తగా ఎత్తి కుదిపినచో, మిగిలిన ఆశయు చెడును. మెదడు, వెన్నుపాములలోని నాడీతంతువులు తెగినచో చర్మమువలె మరల అతుకుకొనవు. మేరీకి ఈ సంగతి ఎవరును చెప్పనక్కఱలేదు. ఆమె స్వయముగా వైద్యురాలు. తన కాళ్లు మరల నడవవని ఆమెకు తెలిసిన క్షణము ఎంత దుర్భరమైనదో మనము ఊహింపవలసినదే.

మాసములకొలది ఆమె మంచముననే యుండెను. పలుమార్లు శస్త్రచికిత్సలు జరిగెను. కూర్చుండుటకు వీలగునట్లు వెన్నెముకను గట్టిపఱచిరి. నొప్పులును, జ్వరములును, నిద్రలేని రాత్రులును ఆమెకు నిత్యకృత్యము లాయెను. నిన్నటివఱకు రోగుల మంచములచెంత నిలిచి ధైర్యము చెప్పిన వైద్యురాలు నేడు ప్రక్క మరలుటకుగూడ పరుల సాయము కోరవలసివచ్చెను. ఇంట కలిమి కలదు. సేవకులను నియమించుకొని శేషజీవితము ఒక గదిలో గడపుట ఆమెకు సాధ్యమే. కాని నేర్చిన విద్య వ్యర్థమగునా, ఇతరులకు భారముగా మాత్రమే బ్రతుకవలెనా అను చింత ఆమెను బాధించెను. దైవభక్తిగల ఆమె ప్రార్థనయందు ఊఱట వెదకెను.

అట్టి సమయమున ఆమెకు త్రోవ చూపినవాడు డాక్టరు పాల్ బ్రాండు. ఆయన 1914లో తమిళదేశపు కొల్లిమలలలో ఆంగ్ల మతబోధకుల ఇంట జన్మించి, 1946నుండి వేలూరునందు శస్త్రవైద్యుడుగా నుండెను. ఆ కాలమున కుష్ఠురోగులను చూచి జనులు తొలగిపోవుచుండిరి. వ్రేళ్లు ముడుచుకొనిపోయిన వారి చేతులు ఎందులకును పనికిరావని వైద్యులు సైతము తలచుచుండిరి. బ్రాండుగారు ఆ చేతులను పరీక్షించి, బలము తఱుగని కండరములును అందు మిగిలియున్నవని కనుగొనిరి. కండరమును ఎముకతో కలుపు త్రాడువంటి భాగమును ఒకచోటినుండి తీసి మఱొకచోట అతికించి, ముడుచుకొన్న వ్రేళ్లను చాచునట్లు చేసిరి. రోగుల వ్రేళ్లు వ్యాధివలన కుళ్లి రాలుట లేదనియు, స్పర్శ లేకపోవుటచే కాలినను, తెగినను తెలియక గాయములవలన నశించుచున్నవనియు ఆయన లోకమునకు తెలియజేసెను.

చేతికి చేయు శస్త్రచికిత్స కూర్చుండి చేయదగినది. దానికి కావలసినవి స్థిరమైన చేతులు, తీక్షణమైన కన్నులు, ఓర్పుగల మనస్సు. ఇవి మూడును మేరీకి కలవు. బ్రాండుగారు ఆమెను ఈ పనికి పురికొల్పెను. మొదట ఆమె సంశయించెను. చక్రముల కుర్చీలోనుండి శస్త్రచికిత్స చేసినవారిని ఆమె చూచియుండలేదు. ఐనను ప్రయత్నింప నంగీకరించెను. సహాయకురాలుగా మొదలుపెట్టి, క్రమముగా తానే కత్తి పట్టెను. కాళ్లు పోయినవని తాను దుఃఖించుచుండగా, చేతులు పోయినవారి చేతులను బాగుచేయు భాగ్యము ఆమెకు లభించెను. వేలూరులోను, దాని సమీపమున 1955లో వెలసిన కరిగిరి కుష్ఠు పరిశోధనాలయములోను ఆమె ఎందఱికో చికిత్స చేసెను.

ఈ సేవలో ఆమె ఊహింపని ఫలమొకటి కలిగెను. కుష్ఠురోగులు తమ్ము చూచి అసహ్యించుకొను జనులకు అలవాటుపడినవారు. ముఖమున మచ్చతో, చలనములేని కాళ్లతో, చక్రముల కుర్చీలో తమవద్దకు వచ్చు వైద్యురాలిని చూడగానే వారిలో నూతనోత్సాహము జనించుచుండెను. ఈమెయే ఇంత పని చేయుచుండగా తాము నిరాశ చెందుట యేల అని వారు తలచిరి. ఏ దౌర్భాగ్యము తన్ను పనికిరానిదానిగా చేసినదని ఆమె చింతించెనో, ఆ దౌర్భాగ్యమే రోగులకు ఔషధమాయెను.

రోగులకును తనకును గల మఱొక పోలికను ఆమె గుర్తించెను. వారి చేతులకు స్పర్శ లేదు. తన కాళ్లకు స్పర్శ లేదు. మనము ఒకేచోట చాలసేపు కూర్చున్నచో తిమ్మిరి కలిగి తామే కదలుదుము. స్పర్శ లేనివానికి ఆ హెచ్చరిక రాదు. దేహభారముచే చర్మములోని సన్నని రక్తనాళములు నొక్కుకొని, రక్తము అందక ఆ చోట పుండు పడును. పడకపుండ్లవలనను, మూత్రకోశపు వ్యాధులవలనను వెన్నుపాము దెబ్బతిన్నవారు పూర్వము కొద్దికాలములోనే మరణించుచుండిరి. మొదటి ప్రపంచ యుద్ధమున అట్లు గాయపడిన సైనికులలో బ్రతికి బట్టకట్టినవారు బహు తక్కువ. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో డాక్టరు లుడ్విగ్ గుట్‌మన్ ఈ గతిని మార్చెను. రోగిని రెండు గంటల కొకమాఱు ప్రక్క మార్పించుట, వ్యాయామము చేయించుట, పని నేర్పుట ఆయన పద్ధతి. చక్రముల కుర్చీలలోని రోగులకు ఆయన 1948లో ప్రారంభించిన క్రీడలనుండియే నేటి పారాలింపిక్ క్రీడలు పుట్టినవి.

ఈ పద్ధతులను నేర్వవలెనని మేరీ సంకల్పించెను. మొదట ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరమునకు పోయి చికిత్సయు, శిక్షణయు పొందెను. పరుల సాయము కొఱకు ఎదురుచూడక తన పనులు తాను చేసికొనుట అలవఱచుకొనెను. పిదప అమెరికాలోని న్యూయార్కు నగరమున డాక్టరు హోవర్డు రస్కు స్థాపించిన సంస్థలో చేరి, అవయవముల శక్తి కోల్పోయినవారిని తిరిగి జీవితమున నిలబెట్టు వైద్యశాస్త్రమును అభ్యసించెను. కాళ్లు కదలని స్త్రీ సముద్రములు దాటి అన్యదేశములలో ఉండి చదువుట ఆ దినములలో సామాన్యమైన సంగతి కాదు. చలిదేశపు మంచులో, మెట్లెక్కవలసిన భవనముల నడుమ, ఆమె తన కోరిక నెఱవేర్చుకొనెను.

స్వదేశమునకు తిరిగివచ్చి 1963లో వేలూరు వైద్య కళాశాలలోని పునరావాస వైద్యశాఖకు ఆమె అధ్యక్షురా లాయెను. అప్పటికి మన దేశమున వెన్ను విఱిగినవానికి గాయము మానినంతనే చికిత్స ముగిసెనని తలచి ఇంటికి పంపివేయుచుండిరి. ఇంటికి పోయినవాడు చీకటి గదిలో చాపమీద పడియుండి, పుండ్లు పడి, కొన్ని మాసములకు కన్నుమూయుచుండెను. చింతచెట్టునుండియు, తాటిచెట్టునుండియు పడినవారు, బావి త్రవ్వుచు జాఱినవారు, బండి బోల్తాపడి గాయపడినవారు, కూలిచేసి కుటుంబమును పోషించువారు ఇట్లు నశించుచుండిరి. ప్రాణము నిలుపుట చికిత్సలో సగమే యనియు, బ్రతికినవానికి బ్రతుకుతెరువు చూపుట మిగిలిన సగమనియు మేరీ నమ్మెను.

ఆ నమ్మకము 1966లో రూపము దాల్చెను. వేలూరు సమీపమున బాగాయము అను చోట, రోగులు ఉండి శిక్షణ పొందుటకు పునరావాస సంస్థ ఏర్పడెను. మన దేశమున ఇట్టి సంస్థలలో అది మొదటిది. మంచమునుండి కుర్చీలోనికి మాఱుట, ఊతకఱ్ఱలతో నడచుట, వంట చేసికొనుట, చేతిపనులు చేయుట మొదలగునవి అచ్చట నేర్పిరి. రోగితోపాటు అతని ఇంటివారికిని శుశ్రూషావిధానము నేర్పిరి. పాఠము చెప్పు వైద్యురాలు చక్రముల కుర్చీలోనే యుండుటచే, ఇది మావలన కాదని చెప్పుటకు రోగులకు నోరాడెడిది కాదు. తిరుపతి, చిత్తూరు ప్రాంతములనుండి పోవు రోగులకు వేలూరు పొరుగూరే గదా!

గాయము మానిన పిదపగూడ వెన్నుపామును ఏమఱి యుండరాదని నేటి వైద్యులు చెప్పుచున్నారు. కొందఱిలో, గాయపడిన కొన్ని సంవత్సరములకు, వెన్నుపాములో నీటితిత్తివంటి బొఱ్ఱ ఏర్పడి క్రమముగా పెరుగును. అరుదుగా కొందఱిలో, ధమనికిని సిరకును నడుమ ఉండరాని చోట అడ్డదారి ఏర్పడును. ఇది పుట్టుకతో వచ్చినది కాదు, పిదప కలిగినది. ధమనిలోని వేగముగల రక్తము ఆ అడ్డదారిన సన్నని సిరలలోనికి దూకగా, సిరలు ఉబ్బి వెన్నుపామునకు ఊపిరి సలుపనీయవు. అప్పుడు బాగుగా నున్న కాళ్లు మెల్లమెల్లగా బలహీనమగును; మూత్రము పట్టు తప్పును. త్వరగా గుర్తించినచో ఆ అడ్డదారిని మూసివేయు చికిత్సలు కలవు. ఆలసించినచో పోయిన శక్తి మరలుట కష్టము. గాయపడినవానిని ఇంటికి పంపి మఱచుట తగదనియు, జీవితాంతము కనిపెట్టి యుండవలెననియు చెప్పు పునరావాసవైద్యము ఎంత దూరదృష్టి గలదో దీనివలన తెలియును.

భారత ప్రభుత్వము 1972లో ఆమెకు పద్మశ్రీ బిరుద మొసగి గౌరవించెను. అమెరికా రచయిత్రి డొరొతీ క్లార్క్ విల్సను ఆమె జీవితమును గ్రంథముగా వ్రాసెను. బిరుదములు వచ్చినను ఆమె శరీరబాధ తగ్గలేదు. దీర్ఘకాలము కుర్చీలో గడపినవారికి కలుగు ఇక్కట్లన్నియు ఆమెకును కలిగినవి. వాని నడుమనే ఆమె పని సాగెను. అంగవైకల్యము గలవారికి సహాయము చేయుటకై 1986లో ఆమె పేర ఒక ధర్మసంస్థ ఏర్పడెను. అదే సంవత్సరము డిసెంబరు మాసమున ఆమె కన్నుమూసెను. ప్రమాదము జరిగిన పిదప ఆమె జీవించినది 32 సంవత్సరములు. ప్రమాదమునకు పూర్వము జీవించినది 28 సంవత్సరములు. కాళ్లతో నడచిన కాలముకంటె కాళ్లు లేని కాలమే ఎక్కువ. ఆ కాలముననే ఆమె ఎక్కువ దూరము నడచినది. బాగాయములోని సంస్థ నేడు ఆమె పేరనే వెలయుచున్నది.

నేడు తిరుపతిలోను ఇట్టి సేవ సాగుచున్నది. తిరుమల తిరుపతి దేవస్థానములవారు నడపు బర్డ్ ఆసుపత్రిలో అంగవైకల్యము గలవారికి శస్త్రచికిత్సలును, పునరావాసమును లభించుచున్నవి. 1993లో ప్రారంభమైన స్విమ్స్ వైద్యసంస్థలో మెదడు, వెన్నుపాముల చికిత్సకు ప్రత్యేక శాఖలు కలవు. అంగవైకల్యము గలవారి హక్కులకై 2016లో శాసనమును చేయబడినది. కాని శాసనమొక్కటియే చాలదు. పాఠశాల గడపవద్ద వాలుబాట లేనిచో చక్రముల కుర్చీ లోనికి రాజాలదు. తోడి విద్యార్థుల మనస్సులలో చోటు లేనిచో వాలుబాట యున్నను ప్రయోజనము లేదు.

బాలబాలికలారా! ఈ కథనుండి మీరు రెండు సంగతులు గుర్తుంచుకొనుడు. ఎవరైనను చెట్టుపైనుండియో, బండిపైనుండియో పడి వెన్ను దెబ్బతిన్నదను అనుమానము కలిగినచో, వారిని చంకలు పట్టి లేవనెత్తరాదు, కూర్చుండబెట్టరాదు. తలయు, మెడయు, నడుమును కదలకుండ పట్టుకొని, 108 వాహనమునకు కబురుచేసి, నేర్పుగలవారు వచ్చినపిదప పలకమీద తిన్నగా పరుండబెట్టి తరలింపవలెను. ఆ కొద్దిపాటి జాగ్రత్త ఒక జీవితమును నిలుపవచ్చును. ఇది మొదటి సంగతి.

ఇక రెండవది. విపత్తు వచ్చినప్పుడు మనకు పోయినదానిని లెక్కించుట సహజము. మేరీ వర్గీసు కొంతకాలము అట్లే లెక్కించెను. పిదప తనకు మిగిలినదానిని చూచుకొనెను. మిగిలినవి రెండు చేతులు. ఆ చేతులను ఆమె ఇతరుల కొసగెను.